మైనస్ వైపు బడి

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నాను. పలాసలో మా ఇంటి మేడ మీద గదిని ఈమధ్యే ఒక ట్యూషన్ మాస్టారికి అద్దెకిచ్చాం. కుర్రాడు మంచివాడే, గొంతే కొంచెం పెద్దది. ఆ గొంతు మెట్ల మీదుగా దిగి నా చెవిలో పడింది. "మాడ్యులస్ అంటే భయపడిపోకండి. అందులో ఏం లేదు. మైనస్ కనబడితే కొట్టేయడమే. ఏం చెయ్యాలి?" వెంటనే పిల్లలంతా ఒక్క గొంతుతో, "కొట్టేయాలి!" అన్నారు. విసురుగా లేచాను. కాఫీ చీర మీద ఒలికింది. మావారు పేపరు మడిచి, "ఏటైందే? ఆడి లెక్కలు ఆడు సెప్పుకుంటన్నాడు. నీకేటి?" అన్నారు. నిజమే, నాకేమిటి? నేను టెక్కలి హైస్కూల్లో ముప్పై ఏళ్ళపాటు తెలుగు చెప్పి రిటైరైన దాన్ని. సమాసాలు తప్పు చెబితే కోప్పడాలి గాని, లెక్కల జోలి నాకెందుకు? కానీ ఆ ఒక్క ముక్క, ఆ 'మైనస్ కొట్టేయడమే' అన్న ముక్క, మా పుట్టింటి ఊళ్ళో ఒక బడిని మింగేసింది. అది నా కళ్ళతో చూశాను. అప్పటినుంచి ఆ మాట ఎక్కడ విన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ కోపం నాకు మా పెద్దొదిన దగ్గర అంటుకుంది. ఆమె మా పెద్దన్నయ్య భార్య. అన్నయ్యది ఉద్దానం, సోంపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే మా పుట్టింటి ఊరు. కొబ్బరితోట, జీడితోట, ఇంటి వెనక పనసచెట్లు, ఊళ్ళో నలుగురిలో మాట చెల్లుబాటు. వదిన మాత్రం ఆ మాట చెల్లుబాటుని ఎన్నడూ వాడుకోలేదు. పెళ్ళయ్యాక చదువుకుని, లెక్కల టీచరై, మా ఊరి బళ్ళోనే ఆరూ ఏడూ తరగతులకి పాఠం చెప్పేది. మనిషి పొట్టి, కోపం పొడుగు. ఆమెకి రెండు భాషలుండేవి. క్లాసులోనూ పెద్దవాళ్ళ ముందూ పుస్తకాల తెలుగు మాట్లాడేది. కోపమొస్తే ఎవరి ముందైనా, తీరిగ్గా ఉంటే నా దగ్గరా పుట్టింటి భాష బయటికొచ్చేది. అందుకే నలుగురిలో వదిన నోట 'ఏమిటి' వినిపించినంతసేపూ మేం క్షేమంగా ఉన్నట్టు. 'ఏటి' వినిపించిందా, అన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని తోటలోకి పోయేవాడు. తోటలో ఆయనకి అంత పని ఉండేదని నేను అనుకోను.

రిటైరైన ఏడాది నేను చాలా నెలలు ఆ ఇంట్లోనే గడిపాను. టెక్కలిలో ముప్పై ఏళ్ళు గంట కొడితే లేచి గంట కొడితే కూర్చున్న మనిషికి, ఒక్కసారిగా గంటలు ఆగిపోయేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. వదిన పెరట్లో కత్తిపీట ముందేసుకుని పనసకాయ పొట్టు కొడుతుంటే, పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. పనస పాలు చేతులకంటకుండా నూనె రాసుకుని, ఆ నూనె చేతులతోనే ఆమె గాలిలో లెక్కలు గీసేది. ఒకరోజు ఆరో తరగతి పుస్తకం తిరగేస్తూ, ఒక అంకెకి అటూ ఇటూ నిలబెట్టిన రెండు గీతలు చూసి, "వదినా, ఇవి గుమ్మానికి ద్వారబంధాలా? లోపలికెళ్ళే ముందు మైనస్ చెప్పులు బయట విడవాలి కాబోలు," అన్నాను. నాకు నేనే మెచ్చుకున్న ఉపమానం. వదిన కత్తిపీట ఆపింది.

"సెప్పులిడిసీడం కాదమ్మీ. ఆ గీతలు అడిగేది ఒకటే మాట. సున్నా కాణ్ణుంచి నువ్వెంత దూరంలో ఉన్నావు? అంతే. ఎటేపున్నావో ఆ గీతలకి అక్కర్నేదు. ఎంత దూరమో అదే కావాల."

దాన్ని పుస్తకాల్లో పరమమూల్యం అంటారు. పేరు వింటే ఏదో వేదాంతం అనిపిస్తుంది గాని, వదిన చెప్పాక తేలికైపోయింది. ఇచ్ఛాపురం వైపు ఐదు మైళ్ళు నడిచినవాడికీ, పలాస వైపు ఐదు మైళ్ళు నడిచినవాడికీ కాళ్ళ నొప్పులు ఒకటే. ఒక వైపుని ప్లస్ అనీ రెండో వైపుని మైనస్ అనీ పిలిచినంత మాత్రాన, మైనస్ వైపు నడిచినవాడి నొప్పి తగ్గిపోదు. నేను అక్కడితో ఊరుకోలేదు. అదే పుస్తకంలో కింద ఇంకో వాక్యం ఉంది: x మైనస్ సంఖ్య అయితే దాని పరమమూల్యం మైనస్ x అవుతుందట. "ఇదేం చోద్యం? మైనస్ పోవాల్సిన చోట కొత్తగా మైనస్ తగిలిస్తారా?" అని పట్టుకున్నాను. వదిన నవ్వింది. "x నెత్తి మీద మైనస్ కనబడనేదని అది ప్లస్సనుకోకు. లోపల దాసుకోనుంటాది. ఎనక్కి తిరిగున్నోడిని మల్లీ ఎనక్కి తిప్పితే ఎటు సూత్తాడు? ముందుకే కదేటి!" అరవై ఏళ్ళ వయసులో, పనసపొట్టు వాసన మధ్య, నాకు మొదటిసారి ఒక లెక్క అర్థమైంది. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినవాళ్ళంతా కొట్టేయడమే నేర్పారు, అంకెల్నీ నన్నూ కూడా.

మా ఊరికి వెళ్ళే దారి గురించి ఇక్కడ చెప్పాలి, కథంతా ఆ దారి మీదే జరిగింది. పెద్ద రోడ్డు నుంచి వచ్చే దారి ఒక జంక్షన్ దగ్గర రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే పెద్ద ఊరు, అక్కడ హైస్కూలు. కుడికి తిరిగితే వెంటనే గెడ్డ, అంటే చిన్న వాగు, దాని మీద కల్వర్టు, అది దాటితే మా ఊరు. ఊరి మొదట్లోనే బడి. ఇంకా ముందుకు పోతే జీడితోటలు, ఆ పైన ఇసుక దిబ్బలు, సముద్రం. ఆ ఎడమ దారీ ఈ కుడి దారీ కలిపి చూస్తే గీత గీసినట్టు ఒకే తిన్నని దారి. వదినకి అంతకంటే మంచి నల్లబల్ల దొరకలేదు. ఒకరోజు పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి నడిచింది, వెనకే గొడుగు పట్టుకుని నేనూ. కల్వర్టు చివర, జంక్షన్ వైపున్న గోడ మీద సుద్దముక్కతో సున్నా చుట్టింది. హైస్కూలు వైపు ప్లస్, మన ఊరి వైపు మైనస్ అంది. పిల్లల్ని రెండు జట్లుగా చేసి ఒక జట్టుని అటు, ఒక జట్టుని ఇటు నడిపించి, "మీ ఇద్దరికీ మధ్య దూరమెంత?" అని అరిచి అడిగింది.

వదినకి ఒక అలవాటుండేది. పాఠం మధ్యలో కావాలని తప్పు చెప్పేది. దాన్ని ముందుగా పట్టుకున్నవాళ్ళు పైకి నవ్వాలి, అదీ ఆట. ఆ రోజు కూడా, "మీరు ముప్పై అడుగులు, వాళ్ళు నలభై అడుగులు, నలభైలో ముప్పై పోతే పదడుగులు. ఔనా?" అంది మొహం సీరియస్‌గా పెట్టి. సగం మంది ఔనన్నారు. ఒక గుంట మాత్రం పకపకా నవ్వింది. బక్కగా, రెండు జడలకి వేరు వేరు రంగుల రిబ్బన్లతో ఉండే ఆరో తరగతి పిల్ల. "ఆల్లు అటున్నారు, మనం ఇటున్నాం టీచర్. కలపాల గాని తియ్యకూడదు!" అంది. ఆ పిల్ల ఇల్లు బడి దాటాక జీడితోటలో. నాయనమ్మ, తల్లి, తను. తల్లి పలాసలో జీడిపిక్కల షెడ్డుకి పనికి పోయేది. తండ్రి కిడ్నీ జబ్బుతో పోయాడు. ఉద్దానంలో ఆ మాట వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. మా అందరికీ సిగ్గు కలగాల్సింది అక్కడే, కలగదు.

ఆ వేసవిలోనే ఉత్తర్వు వచ్చింది. దగ్గర్లో హైస్కూలు ఉంటే చిన్న బళ్ళలోని ఆరూ ఏడూ తరగతుల్ని అందులో కలిపేయాలట. దగ్గర అంటే కిలోమీటరు లోపు. అది మంచి ఆలోచనా చెడ్డ ఆలోచనా అన్నది వేరే వాదన, నేను దాని జోలికి పోను. పెద్ద బడిలో ల్యాబు ఉంటుంది, ఆటస్థలం ఉంటుంది, ఒప్పుకుంటాను. నా కోపమల్లా, తాము పెట్టుకున్న కొలతని తామే కొలవలేకపోయారని. మా బడి పేరు కలిపేసే బళ్ళలో ఉందని తెలిసి వదిన మొదట నమ్మలేదు. రోజూ ఆ దారిన నడిచే మనిషి ఆమె. ఎక్కడో పొరపాటు జరిగిందనీ, చెబితే సరిదిద్దుతారనీ అనుకుంది. అంత కోపిష్టి మనిషికి ప్రభుత్వం మీద అంత నమ్మకం ఉండేదని నాకు అప్పుడే తెలిసింది.

తల్లిదండ్రులకి నచ్చజెప్పడానికి మండలం నుంచి ఒక అధికారి వచ్చాడు. చూస్తే మావాడే. మా అమ్మ వైపు దూరపు చుట్టం, వరసకి నాకు బావ. చిన్నప్పుడు సెలవులకి మా ఇంటికొచ్చి కొబ్బరి మీగడ తినేవాడు. బడి వరండాలో కుర్చీ వేశారు. తల్లులు నేల మీద, పిల్లలు గోడ పొడుగునా. ఆయన చెమట తుడుచుకుని, నవ్వుతూ మొదలెట్టాడు. "సింపుల్ అమ్మా. జంక్షన్ నుంచి మీ బడి ఏడు వందల మీటర్లు. జంక్షన్ నుంచి హైస్కూలు తొమ్మిది వందల మీటర్లు. డిఫరెన్స్ ఎంత? రెండు వందలు. రెండు వందల మీటర్ల కోసం ఇంత గొడవేటి? మా కాలంలో మేం ఐదేసి కిలోమీటర్లు నడిచి చదువుకున్నాం."

గోడ వైపునుంచి పకపకా నవ్వు వినబడింది. రెండు జడల పిల్ల. నవ్వి, వదిన వైపు తిరిగి, ముందు పట్టుకున్నది నేనే కదా అన్నట్టు కళ్ళెగరేసింది. అది ఆటే అనుకుంది. ఇంత పెద్దాయన, కారులో వచ్చినాయన, నిజంగానే తప్పు చెబుతున్నాడని దానికి ఎలా తోస్తుంది? బావ మొహం ఎర్రబడింది. ఆ పక్కనే కూర్చున్న నాయనమ్మ చెయ్యెత్తి పిల్ల చెంప పగలగొట్టింది. "పెద్దోల్లు మాటాడతంటే పల్లికిలిత్తావేటే? సిగ్గునేదా?" పిల్ల ఏడవలేదు. చెంప పట్టుకుని వదిన కేసి చూసింది. ఆట నియమం ఎప్పుడు మారిందో తెలియని చూపు అది. ఆ తప్పుడు లెక్కకి ఎవరికైనా శిక్ష పడిందంటే ఆ పిల్ల ఒక్కదానికే పడింది. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నా పళ్ళు కరుచుకుంటున్నాయి.

వదిన లేచింది. మొదట పుస్తకాల తెలుగులోనే మాట్లాడింది. "అన్నయ్యగారూ, మన బడి జంక్షన్‌కి ఇటువైపు ఉంది. హైస్కూలు అటువైపు ఉంది. తీసివేయకూడదండీ. మధ్య దూరం కిలోమీటరు ఆరు వందల మీటర్లు." బావ తేలిగ్గా చెయ్యి ఊపాడు. "దూరానికి ఇటూ అటూ ఏముంటుందమ్మా? దూరానికి మైనస్ ఉండదని మీరే కదా పాఠం చెబుతారు? అందుకే రెండూ ప్లస్సే వేశాం."

అప్పుడు వచ్చింది పుట్టింటి భాష. "దూరానికి మైనస్ నేదు గాని, ఊరికి దిక్కున్నాది బాబూ! ముందు ఎవుడు ఎటున్నాడో రాయాల. మనం ఇటేపు, మైనస్ ఏడొందలు. ఆల్లు అటేపు, ప్లస్ తొమ్మిదొందలు. అప్పుడు తేడా తియ్యాల. ఆ తేడా వొచ్చినాక, దానికి గీతలు పెట్టాల. మీరేటి సేసినారు? తేడా తియ్యకముందే మైనస్ కొట్టీసినారు. మైనస్‌తోపాటు మా ఊరిని కూడా కొట్టీసినారు!" వరండాలో తల్లులకి గీతలూ మైనస్సులూ అర్థమయ్యాయో లేదో గాని, చివరి మాట అర్థమైంది. అందరూ లేచి నిలబడ్డారు. బావ కుర్చీలో వెనక్కి జరిగాడు.

అన్నయ్య మధ్యలోకొచ్చి, చుట్టరికం గుర్తుచేసి, "బావా, కారుందిగదా, ఒకసారి కొలిచీసుకుంటే పోలా?" అన్నాడు. కాదనలేక బయల్దేరారు. ముందు సీట్లో బావ, వెనక నేనూ వదినా. బడి గేటు దగ్గర మీటరు సున్నా చేయించింది వదిన. కల్వర్టు దాటాం, జంక్షన్ దాటాం, చింతల నీడల్లోంచి పోయి హైస్కూలు గేటు ముందు ఆగాం. మీటరు మీద ఒకటి, చుక్క, ఆరు. బావ దాన్ని చూశాడు. చూసి, చెయ్యి చాచి ఏసీ పెంచాడు. మనిషికి ఉక్కబోసే చోటు ఎక్కడో నాకు అప్పుడు తెలిసింది.

భోజనం మా ఇంట్లోనే. చుట్టం కదా, పైగా పనసపొట్టు కూరంటే ఆయనకి ప్రాణం. విస్తరి ముందు కూర్చున్నాక, బయటి జనం లేరు కాబట్టి, మెత్తగా ఒప్పుకున్నాడు. "తప్పేనమ్మా. నేను కాదనను. కానీ రిపోర్టు పైకి ఎల్లిపోయింది."

"పైకి ఎల్లింది కిందకి రాదేటి?" అంది వదిన, కూర గిన్నె పట్టుకుని నిలబడి.

"ఒక బడికి తప్పని రాస్తే, మిగతా బళ్ళకి ఎలా కొలిచారని అడుగుతారు. మండలం మొత్తం మళ్ళీ కొలవాల్సొస్తుంది."

"కొలండి."

"అంత ఈజీ కాదమ్మా."

"గుంటల్ని నడిపించడం ఈజీయేటి?"

బావ ఇంకొంచెం కూర వేస్తారేమోనని విస్తరి కేసి చూశాడు. వదిన గిన్నె నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ గిన్నె తీసుకెళ్ళి గూట్లో పెట్టేశాను. మా వంశంలో విస్తరి ముందు కూర్చున్న చుట్టానికి మారు వడ్డించకపోవడం అదే మొదటిసారి. అన్నయ్య నన్ను గుర్రుగా చూశాడు. చూస్తే చూశాడు. తెలియక చేసిన తప్పుని క్షమించొచ్చు, నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో వేలకొద్దీ తప్పులు క్షమించాను. తప్పని తెలిసి, తప్పని ఒప్పుకుని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాణ్ణి ఏం చెయ్యాలో నాకు ఏ వ్యాకరణమూ చెప్పలేదు.

బళ్ళు తెరిచేసరికి మా ఊరి బడిలో పై రెండు తరగతుల గదులకి తాళాలు పడ్డాయి. వదినని సోంపేట అవతల ఇంకో బడికి మార్చారు. పిల్లలు పెద్ద ఊరికి నడవడం మొదలెట్టారు. 'ఆ మాత్రం నడవలేరా' అనే పెద్దమనుషులు ఊళ్ళో చాలామంది ఉన్నారు, మోటారు సైకిల్ దిగకుండానే అనేవాళ్ళు. ఆ దారిలో ఇప్పుడు నడక ఒకప్పటి నడక కాదు. సముద్రం ఒడ్డున కొత్త పనులకి రాయి మోసే టిప్పర్లు పొద్దుటినుంచీ దుమ్ము రేపుకుంటూ పోతుంటాయి. తుఫానుకి సగం వాలిన కొబ్బరిచెట్ల పక్కనుంచి, రోడ్డుకీ కాలవకీ మధ్యనున్న జానెడు మట్టి మీద పిల్లలు వరసగా నడవాలి. వానొస్తే గెడ్డ పొంగి కల్వర్టు మీదనుంచి పోతుంది. అప్పుడు ఊరికి ఊరే ఇవతల ఆగిపోతుంది. రెండు జడల పిల్లకైతే బడికి ఇంకా ఎనిమిది వందల మీటర్లు ఎడంగా ఇల్లు. దాని నడక ఒక్కో పూటకి రెండు కిలోమీటర్ల నాలుగు వందలు. ఆఫీసు వాళ్ళ లెక్క ప్రకారం, అది ఎంత దూరంగా ఉంటే హైస్కూలుకి అంత దగ్గరైనా అవ్వొచ్చు. ఆ లెక్కలో ఏదైనా సాధ్యమే.

వదిన ఊరుకోలేదు. అర్జీలు పెట్టింది. జవాబు రాకపోతే ఒక ఆదివారం తల్లిదండ్రుల్ని పోగుచేసి, తోటల్లో పొలం కొలిచే టేపు తెప్పించి, పట్టపగలు రోడ్డు మీద కొలత మొదలెట్టింది. జంక్షన్ దగ్గర రాయికి సున్నా. అక్కణ్ణుంచి వంద వంద మీటర్లకి ఒక్కో కొబ్బరిచెట్టుకి సున్నంతో అంకె. హైస్కూలు వైపు వంద, రెండొందలు, మూడొందలు. మా ఊరి వైపు మైనస్ వంద, మైనస్ రెండొందలు. తల్లులే కుంచెలు పట్టుకున్నారు. నేను సున్నం బకెట్టు మోశాను. తెలుగు పండితురాలిగా ఆ చెట్ల మీద అంకెలు వంకరపోకుండా చూసే బాధ్యత కూడా నాదే. ఒక టిప్పరు డ్రైవరు బండి ఆపి, తల బయటికి పెట్టి, "ఏటిది, సెట్లకి మైనస్‌లేటి?" అని నవ్వాడు. ఒక తల్లి కుంచె దించకుండా, "ఆఫీసోల్లకి లెక్కలు రావంటన్నారు బాబూ. ఈ దారినే కదా ఎల్తారు, సూసి నేర్సుకుంతారని రాత్తన్నాం," అంది. ఆ రోజు మేమంతా చాలా నవ్వాం. కోపంలో అంత హాయిగా నవ్వొచ్చని నాకు తెలియదు.

కానీ చెట్ల మీద అంకెలు ఎంత తెల్లగా ఉన్నా గెడ్డ పొంగడం మానదు. వానాకాలం మధ్యలో ఒక సాయంత్రం వదిన సోంపేట బస్సు దిగి, ఇంటికి రాకుండా నేరుగా జీడితోట వైపు నడిచింది. నేను వెంట వెళ్ళాను. రెండు జడల పిల్ల బడి మానేసిందని ఆమెకి ఎవరో చెప్పారు. ఇంటి ముందు పిల్ల లేదు, తల్లితో పలాస షెడ్డుకి వెళ్ళింది. నాయనమ్మ మమ్మల్ని చూసి చాప పరిచింది. వదిన కూర్చోలేదు. "ఎందుకు మాన్పించీసినావు?" అంది. ముసలామె ఒక్కసారిగా అందుకుంది.

"నానేటి సెయ్యను టీచరమ్మా? లారీలు బర్రుబర్రుమని ఎల్తన్నాయి. మొన్నొక లారీ కాలవలోకి గెంటీసినాది దాన్ని, బట్టలన్నీ బురదే. గెడ్డొచ్చిన రోజు అవతల నిలబడి పొద్దుగూకేదాకా ఏడిసినాది. కొడుకుని పోగొట్టుకున్నాను, దీన్ని కూడా పోగొట్టుకోమంతావేటి? షెడ్డుకైతే ఆల్లమ్మ పక్కనుంతాది." కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి అంది: "ఆ రోజు నవ్విందని కొట్టినాను. అది ఎందుకు నవ్విందో నాకిప్పుడు తెలిసినాది."

వదిన చాప మీద కూలబడింది. చీకటి పడకముందే తల్లీ కూతుళ్ళు ఆటో దిగారు. పిల్ల మమ్మల్ని చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. జీడిసొన అంటి వేళ్ళ చివర్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. "చెయ్యి చూపించు," అంది వదిన. చూపించింది. వదిన ఆ వేళ్ళని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. తిరిగి వస్తూ దారంతా తిట్టింది. బావని, ఆఫీసుని, టిప్పర్లని, గెడ్డని, మైనస్ అంటే కొట్టేయడమేనని పిల్లలకి నూరిపోసే ప్రతి మాస్టారినీ తిట్టింది. "ఆ బావకి కూడా సిన్నప్పుడు ఎవుడో అలగే సెప్పుంతాడమ్మీ. ఆడు ముప్పై మార్కులకి సెప్పీసినాడు, ఈడు ఊరి మీద రాసీసినాడు!" అంది. నేను ఆమె వెనకే నడుస్తూ ఒక్క తిట్టుకీ అడ్డు చెప్పలేదు.

ఏడాది గడిచాక బడి తిరిగి వచ్చింది. ఆ పద్ధతినే మార్చుకున్నామని పైనుంచి ఇంకో ఉత్తర్వు దిగింది. గదుల తాళాలు తీశారు. ఊళ్ళో కొబ్బరికాయలు కొట్టారు, మిఠాయి పంచారు. వదిన ఆ మిఠాయి ముట్టుకోలేదు. కాగితం తెప్పించుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. 'పరిపాలనా కారణాల వలన' అని ఉంది. కొలత తప్పని ఎక్కడా లేదు. "తప్పని ఒక్క ముక్క రాయనేదు సూడు," అని కాగితం నా ఒళ్ళో పడేసింది. నేను మూడుసార్లు చదివాను, వృత్తిరీత్యా. చాలా చక్కని వాక్యనిర్మాణం. కర్త లేడు. తెలుగులో కర్త లేకుండా ఎంత పనైనా చెయ్యొచ్చని పిల్లలకి పాఠం చెప్పినదాన్నే, ఆ సౌకర్యం ఎవరికి పనికొస్తుందో అప్పుడు ఆలోచించలేదు.

బావకి బదిలీ మీద ఇంకా పెద్ద కుర్చీ వచ్చింది. పెళ్ళిళ్ళలో కనబడితే, "ఏం మరదలా, బాగున్నావా?" అని పలకరిస్తాడు. నేను తలూపుతాను, నోరు తెరవను. వదిన సోంపేట అవతలి బళ్ళోనే ఉండిపోయింది, వచ్చే ఏడు ఆమె కూడా రిటైరవుతుంది. పోయిన నెల ఉద్దానం వెళ్ళినప్పుడు, ఇంత కాలమైంది కదా అని, "ఇంకా కోపమేనా వదినా?" అని అడిగాను. ఆమె కొబ్బరి కోరుతోంది. తల ఎత్తకుండానే, "కోపం సల్లారిపోతే ఆల్లకి సులువైపోద్ది," అంది.

రెండు జడల పిల్లని నాయనమ్మే స్వయంగా చెయ్యి పట్టుకుని తెచ్చి మళ్ళీ బళ్ళో చేర్చింది. తన తోటివాళ్ళు పై తరగతికి వెళ్ళిపోయారు. తను తిరిగి ఏడులోనే కూర్చుంది, చిన్న పిల్లల మధ్య పొడుగ్గా, వెనక బల్ల మీద. మొన్న నేను బడి గేటు ముందు నిలబడి కాసేపు చూశాను. రాసుకుంటోంది. వేళ్ళ నలుపు చాలావరకు పోయింది. లెక్కలు మళ్ళీ పట్టుకుంటుందని వదిన నమ్మకం, నాది కూడా. మూసిన బడిని ఒక సంతకంతో తెరిచారు, అంతవరకు బాగానే ఉంది. ఆ పిల్లకి పన్నెండేళ్ళ వయసు మాత్రం ఒక్కసారే వచ్చింది, షెడ్డులో కూర్చుని ఉండగా వచ్చి, అలాగే వెళ్ళిపోయింది.